ఫిలోమక్క పోసిన గ్లాసు

"జలుబు తగ్గిందామ్మే?" అని అడుగుతోంది ఫిలోమక్క, బల్ల మీద గాజు గ్లాసులు సర్దుతూ, తలెత్తకుండానే, నిన్న సాయంత్రం విడిపోయి ఇవాళ మళ్లీ కలుసుకున్నంత మామూలుగా, నేను "తగ్గిందక్కా" అంటూ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటున్నాను, కూర్చుని కుచ్చిళ్లు సర్దుకున్నాక గాని గుర్తుకు రావడం లేదు నాకు, ఈవిడ చచ్చిపోయింది గదా అని.

ఈస్టరుకి ముందు, అన్నం తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. పెట్టె మూత వేసేముందు ఆ చేతులకి వాళ్ల చర్చి పద్ధతిలో జపమాల చుట్టింది నేనే, చుడుతూ ఆ వేళ్ల చల్లదనానికి ఉలిక్కిపడింది కూడా నేనే. ఆ వేళ్లే ఇప్పుడు గ్లాసు అంచుని పాత చీర ముక్కతో తుడుస్తున్నాయి, తుడిచి వెలుతురుకి ఎత్తి చూసి, మరక కనిపిస్తే మళ్లీ తుడుస్తున్నాయి. లేచి పరుగెత్తాలని ఉంది. కానీ మర్యాదొకటి ఏడ్చింది నాకు, పిలిచినవాళ్ల ఇంట్లో ఇలా కూర్చుని అలా లేచిపోతే ఏమనుకుంటారోనని ఈ స్థితిలో కూడా ఆలోచిస్తున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

చెంగు జారినట్టు నటిస్తూ వంగి, బల్ల కింద ఆమె పాదాల వైపు చూస్తాను.

"నా కాళ్లేంది చూస్తా ఉండావు? దయ్యాన్నయ్యాననుకున్నావా?"

"అబ్బే, లేదక్కా, చెప్పు జారితేనూ..."

"నీకు చెప్పుల్లేవు గదమ్మే."

చూసుకుంటే నిజమే. ఆమె కాళ్లకి ఎప్పటి నీలం హవాయి చెప్పులున్నాయి, ఒట్టి కాళ్లతో ఉన్నది నేను. ఎక్కడ విప్పానో, ఏ గడప దగ్గర విప్పి లోపలికి వచ్చానో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు, తిరిగి వెళ్లేటప్పుడు అవి లేకుండా ఎలా వెళ్తానో కూడా తెలియడం లేదు.

మేం కూర్చున్నది బిట్రగుంటలో ఫిలోమక్కా వాళ్ల రైల్వే క్వార్టరు వరండాయే, ఆ ఆకుపచ్చ చెక్క జాలీ, ఆ ఎర్ర గచ్చు, గోడకి వాళ్లాయన డ్రైవరు టోపీ, అన్నీ అవే. కాకపోతే జాలీ అవతల మా వీధి ఉండాల్సిన చోట ప్లాట్‌ఫారం ఉంది, ప్లాట్‌ఫారం మీద చర్చిలోని బెంచీలు వరసగా వేసి ఉన్నాయి, వాటి మీద ఎవరూ లేరు గాని ఇప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు పాటల పుస్తకాలు తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి. దీపాలు పెట్టే వేళ. ఆ వేళ ఎంతకీ గడవడం లేదు, చీకటీ పడదు, ఉన్న వెలుతురూ పోదు. మూడు కుర్చీలున్నాయి, ఒకటి ఆమెది, ఒకటి నాది, మూడోది ఖాళీగా ఉంది, అది పెంచలమ్మది.

పెంచలమ్మ బతికే ఉంది. నెల్లూరు ఆసుపత్రిలో ఉంది, పేగుకి చిల్లు పడిందని ఆపరేషన్ చేశారు, చేసి ఇన్ని రోజులైనా తెలివి రాలేదు, నోట్లో చుక్క నీళ్లు కూడా పోయొద్దని డాక్టర్లు గట్టిగా చెబితే వాళ్లమ్మాయి ప్రసూన తడి దూదితో తల్లి పెదవులు తుడుస్తూ పక్కనే కూర్చుని ఉంది, నిన్ననే నేను చూసి ఏడ్చి వచ్చాను. అటో ఇటో తేలని మనిషికి ఈ బల్ల దగ్గర కుర్చీ ఎందుకు వేసినట్టు? అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగడం లేదు. పెంచలమ్మ మాట ఈమె నోటి వెంట రాకూడదు, వచ్చినా నేను మళ్లించాలి, ఈ సాయంత్రం ఎలాగోలా గడిపి ఆ కుర్చీ ఖాళీగా ఉండగానే ఇక్కణ్ణించి బయటపడాలి.

"పెంచలమ్మ ఇంకా రాలేదేందమ్మే?" అంటుంది ఫిలోమక్క.

"రాదక్కా ఇవాళ. ఊళ్లో లేదు. తిరపతి పోయింది, మొక్కేదో ఉందని."

"తిరపతికా, ఆస్పత్రికా?"

ఆమె నవ్వుతూ, గ్లాసుల పక్కన బొరుగుల గిన్నె పెట్టి, ఒక్కో గింజా ఏరి పారేస్తూ కూర్చుంటుంది.

ఏటా క్రిస్మస్ ముందు మా ముగ్గురికీ ఇదే పండగ. ఫిలోమక్క నల్లద్రాక్ష వైను పెట్టేది, వాళ్లమ్మ నేర్పిన పద్ధతి, గుప్పెడు గోధుమలూ లవంగాలూ వేసి, కొయ్య తెడ్డుతో రోజూ ఒకే వైపుకి తిప్పుతూ, ఆ తిప్పేటప్పుడు ఎవరైనా పలకరిస్తే కసిరేది. పెంచలమ్మ ఊరగాయలు పెట్టడంలో మా కాలనీకంతటికీ పెద్ద, ఫిలోమక్కని చూసి పౌరుషం వచ్చి నేరేడు పళ్లతో మొదలుపెట్టింది. మొదటిసారి జాడీ మూతికి ఆవకాయకి కట్టినట్టే గుడ్డ వేసి తాడుతో బిర్రుగా వాసెన కట్టేసింది, వైనుకి ఊపిరాడాలని తెలియక, అది లోపల పొంగి పొంగి ఒకనాటి సాయంత్రం జాడీ ఢామ్మని పగిలి వంటిల్లంతా ఊదారంగు, వాళ్లాయన బాంబు పడిందనుకుని బనీనుతో వీధిలోకి వచ్చేశాడు. తరవాత నేర్చుకుంది, బాగా నేర్చుకుంది. ఇంట్లో మాత్రం "సలోమొదినతో కూర్చుని రసం తాగొచ్చా" అని నా పేరు చెప్పుకునేది, అబద్ధం కాదు గదా అని ముసిముసిగా నవ్వేది. నాకు వైను చేయడం రాదు, తాగడం వచ్చు, అందుకని నన్ను తీర్పరిని చేశారు. నా ముక్కుకి ఆ ఇద్దరూ ఇచ్చిన విలువ మా ఆయన నా మొహానికి కూడా ఇవ్వలేదు.

ఫిలోమక్క పెట్టిన కట్టుబాట్లు చర్చిలో కంటే గట్టివి. ఏ గ్లాసు ఎవరిదో తీర్పరికి చెప్పకూడదు. తీర్పరి రుచి చూసి మాట చెప్పేదాకా తతిమ్మావాళ్లు గ్లాసు ముట్టకూడదు. ఒక గ్లాసుకీ ఇంకో గ్లాసుకీ మధ్య గుప్పెడు బొరుగులు నమిలి నోరు శుభ్రం చేసుకోవాలి. పోసింది పారబోయకూడదు, చెప్పిన తీర్పు మార్చకూడదు. పోయిన డిసెంబరులో సరిగ్గా ఆ రోజుకే నాకు జలుబు చేసింది, కషాయాలు తాగినా ముక్కు తెరుచుకోలేదు, రెండు గ్లాసులూ తాగితే రెండూ వేడినీళ్లలాగే ఉన్నాయి. తీర్పు తరవాత చెబుతానన్నాను, ఇద్దరూ సరేనన్నారు. ఆ తరవాత అనేది రాకుండానే ఫిలోమక్క పోయింది.

"నువ్వు నాకు తీర్పు బాకీ," అంటుంది ఇప్పుడు, నా మనసులో మాట విన్నట్టు. "అది తేలకుండా నాకు ఆడ నిద్ర పట్టడం లేదమ్మే."

"నీదే బాగుందక్కా! నీదే గెలిచింది. అయిపోయిందిగా, ఇంక నేను వెళ్లొస్తా."

"ముక్కు మూసుకుపోయినదానివి, నీకెట్టా తెలిసింది?"

"మరి ఇన్నేళ్లుగా నీ చెయ్యి నాకు తెలియదా?"

"చెయ్యి సంగతి కాదు. ముందర పెడతా ఉండా, వాసన చూసి చెప్పు." రెండు గ్లాసులు నా వైపు జరుపుతుంది. జరిపి, కాస్త ముందుకు వంగి, ఎవరో వింటారన్నట్టు గొంతు తగ్గిస్తుంది. "నేనే చూసుకుందును, నిన్ను ఇంత దూరం పిలిచేదాన్నే కాదు. నా ముక్కులో దూది పెట్టేశారు గదమ్మే. మీరే పెట్టారు. తీద్దామంటే రావడం లేదు."

అప్పుడు చూస్తాను ఆమె మొహం సరిగ్గా, ఇంతసేపూ గ్లాసుల మీద, చేతుల మీద, కాళ్ల మీద తప్ప మొహం మీద కళ్లు నిలపలేదని అప్పుడు తెలుస్తుంది నాకు. తెల్లటి దూది, రెండు వైపులా. మాట్లాడుతున్నప్పుడు కదలదు అది, ఊపిరి లేదు గదా కదలడానికి. అరవాలని నోరు తెరుస్తాను, నా నోట్లోంచి "అయ్యో పాపం" అన్న మాట వస్తుంది. అది కూడా నిజమే. భయంతో చస్తున్నాను, ఆమెని చూసి కడుపు తరుక్కుపోతోంది కూడా, లవంగం ఒకటి ఎక్కువైనా మూడిళ్ల అవతల నుంచి పసిగట్టే మనిషి, ఆ ముక్కుని మూసేసి పంపించాం.

చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్పేది, పోయినవాళ్లు కలలోకొచ్చి ఏదైనా పెడితే నోట పెట్టకూడదు, పిలిస్తే వెంట పోకూడదు అని. మా చర్చి పాస్టరుగారు అవన్నీ మూఢనమ్మకాలు, కొట్టిపారెయ్యండి అంటారు. నేను ఆదివారం పాస్టరుగారి మాట వింటాను, మిగతా రోజులు మా అమ్మమ్మ మాట వింటాను, ఇవాళ ఏ వారమో తెలియడం లేదు గాని తాగనని మాత్రం గట్టిగా నిర్ణయించుకుని, వాసనైతే చూస్తాను, వాసనకేముంది, అది నోట్లోకి పోదుగా అని నాకు నేను చెప్పుకుని మొదటి గ్లాసు ఎత్తుతాను.

"చెప్పు," అంటుంది ఫిలోమక్క కళ్లు మూసుకుని.

"ద్రాక్ష. బాగా మాగింది. పంచదార పాకం మాడ్చి పోశావు, రంగుకి. లవంగం... దాల్చినచెక్క కాస్త. అడుగున గోధుమ నానినట్టు, తడిసిన గోనెసంచి ఉంటుంది చూడు, అలా కొంచెం."

"ఇంకా?"

"చివర్లో పులుపు. కొసన, ముక్కులో గీరినట్టు."

"ఇంకా చెప్పమ్మే. ఇంకా చెప్పు." ఆమె మూసిన రెప్పల కింద గుడ్లు కదులుతున్నాయి, ఆకలిగా ఉన్న మనిషి వంటింట్లో గిన్నెల చప్పుడు వింటున్నట్టు వింటోంది, నేను చెప్పిన ప్రతి మాటకీ ఆమె మొహానికి కాస్త రంగు వస్తోంది, వచ్చిన రంగు ఎక్కడి నుంచి వస్తోందో చూద్దామని నా చేతుల వైపు చూసుకుంటే అవి తెల్లగా పాలిపోతున్నాయి. గ్లాసు గబుక్కున దించేస్తాను.

"బొరుగులు తిను."

"వద్దక్కా, వాసనేగా చూశాను."

"కట్టుబాటు కట్టుబాటే," అంటుంది గాని బలవంతం చేయదు. బొరుగులు గిన్నెలో మెత్తబడి, మట్టిరంగుకి తిరిగి ఉన్నాయి.

రెండో గ్లాసు ఎత్తుతాను. ఎత్తీ ఎత్తగానే నాకు తెలిసిపోతుంది, ఇది పెంచలమ్మది, నేరేడుపండు వగరు, ఆ వగరు వెనక పండు మాత్రమే ఇచ్చే తీపి, పంచదార పోసి తెచ్చుకున్నది కాదు, మొదటి వానకి రాలిన పళ్లు ఏరి తెచ్చి చీర కొంగున పోసుకుంటే వచ్చే వాసన, అందులో ఒక్క లవంగం లేదు, దాల్చినచెక్క లేదు, ఏ దాపరికమూ లేదు. ఇంత బాగుందా? ఆ రోజు జలుబుతో ఇంత గొప్ప సరుకుని వేడినీళ్లలా తాగేశానా? సంతోషంలో భయం మరిచిపోయి నేను "అబ్బ!" అనేస్తాను.

"ఏది మేలు?"

చెప్పకూడదని ఎక్కడో ఏదో హెచ్చరిస్తోంది. కానీ తీర్పరిగా కూర్చున్న ఇన్నేళ్లలో ఆ వరండాలో నేను అబద్ధం చెప్పి ఎరగను, నా ముక్కు ఒకటి చెబితే నోరు ఇంకొకటి ఎలా చెబుతుంది. "రెండోది," అంటాను. "రెండోదేనక్కా. ఏమీ అనుకోబాకు."

ఫిలోమక్క కోపగించుకుంటుందనుకున్నాను. ఆమె హాయిగా నవ్వి, కుర్చీలో వెనక్కి వాలుతుంది.

"నాకు పోయినేడే తెలుసు. నాకు ముక్కుండేది గదా అప్పుడు. నీ నోట వినాలని ఆగినా. ఆడ చేసేవాళ్లెవరూ లేరమ్మే, ఒక్కదాన్నే కిందామీదా పడతా ఉండా, వాసన లేకుండా పెట్టింది ఏం వైను, ఒక్కదాన్నే కూర్చుని తాగేది ఏం తాగుడు, బాగుందంటే కాదనేదానికి మనిషి లేకపోతే. బాగా చేసేదాన్నే పిలుచుకోవాలి గదా మరి? నీ తీర్పు కోసమే ఆగినా. ఇప్పుడు తేలిపోయింది."

నెత్తిన పిడుగు పడ్డట్టుంది నాకు. "కాదు, కాదక్కా, పొరపాటు చెప్పాను. మొదటిదే బాగుంది. నీదే. పెంచలమ్మదాంట్లో ఏముంది, ఒట్టి వగరు! దానికి ఊరగాయ తప్ప ఏమీ రాదు!"

"చెప్పిన తీర్పు మార్చకూడదు," అంటుంది ఫిలోమక్క. "అదిగో, వస్తానే ఉండాది."

ప్లాట్‌ఫారం లేదు. బెంచీలు లేవు. జాలీ అవతల ఆసుపత్రి వరండా ఒకటి పొడుగ్గా సాగి ఉంది, ఆ చివర నుంచి ఆకుపచ్చ గౌనులో, జుట్టు విరబోసుకుని, ఒక చెయ్యి పొట్ట మీద అదుముకుని, గోడ పట్టుకుంటూ పెంచలమ్మ వస్తోంది, కాళ్లకి చెప్పుల్లేవు. ఎంత నడిచినా అక్కడే ఉన్నట్టుంది, రెప్పవేసేసరికి మా గడపలో ఉంది. నన్ను చూడదు. నేనున్నానని కూడా తెలియదు దానికి. దాని కళ్లు బల్ల మీదే ఉన్నాయి, పెదవులు ఎండి పొలుసులు లేచి ఉన్నాయి, నిన్న నేను ఆసుపత్రిలో చూసిన పెదవులే అవి.

"దాహమక్కా," అంటుంది.

"రామ్మే, రా, కూర్చో. నీ కోసమే పెట్టుకోనుండా." ఫిలోమక్క బల్ల కింద నుంచి తెల్లటి పింగాణీ జాడీ ఒకటి పైకి తీస్తుంది. ఆ జాడీ మూతికి గుడ్డ వేసి, తాడుతో బిర్రుగా వాసెన కట్టి ఉంది.

"అదేందక్కా అలా కట్టావు," అంటాను, ఏదో ఒకటి మాట్లాడి ఆలస్యం చేద్దామని, నా గొంతు నాకే కీచుగా వినబడుతోంది. "వైనుకి ఊపిరాడాలి గదా!"

"దీనికక్కర్లేదమ్మే," అంటుంది ఫిలోమక్క తాడు విప్పుతూ.

పెంచలమ్మ మూడో కుర్చీలో కూర్చునేసింది. కూర్చోవద్దే అని అరుస్తున్నాను, దానికి వినిపించడం లేదు. ఫిలోమక్క జాడీ వంచి గ్లాసులో పోస్తోంది, పోస్తున్న చప్పుడు లేదు, రంగు లేదు, నీళ్లంత తేటగా ఉంది గాని నీళ్లు కాదు. దాహంగా ఉన్న మనిషికి నీళ్లలా కనబడడానికే అలా చేసి ఉంటుంది.

"డాక్టర్లు చుక్క కూడా పోయొద్దన్నారక్కా! పేగు కుట్టారు! చచ్చిపోతుంది!"

"డాక్టర్లు ఆడుండారు. ఎంత దాహంగా ఉండాదో చూడు పాపం, దూది పెట్టి తుడిస్తే తీరుతుందా? నేనైతే నిండా పోస్తా."

"దానికి ప్రసూన ఉంది. కానుపు దగ్గర పడింది ఆ పిల్లకి. తల్లి లేకుండా పురుడెవరు పోస్తారు? నీకు పుణ్యముంటుంది, వదిలెయ్యక్కా, నీ కాళ్లు పట్టుకుంటా."

"నాకెవరుండారు సలోమీ?" అంటుంది ఫిలోమక్క. ఆ ఒక్కమాట మాత్రం ఎప్పటి గొంతుతో అంటుంది, మా పిల్లలకి జ్వరాలొస్తే పక్కన కూర్చున్న గొంతుతో, నేను ఆమె మొహం వైపు తిరుగుతాను. ఆ సందులో పెంచలమ్మ గ్లాసు అందుకుంటుంది. రెండు చేతులా పట్టుకుని, పసిపిల్ల పాలగ్లాసు ఎత్తినట్టు ఎత్తుతుంది.

"ఆగు!" అంటాను. "తీర్పరి ఇంకా చూడలేదు!"

జాడీ పట్టుకున్న ఫిలోమక్క చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది.

"కట్టుబాటు ఎవరు పెట్టారక్కా? నువ్వు కాదూ? తీర్పరి రుచి చూసేదాకా ఎవరూ ముట్టకూడదని ఎవరన్నారు? ఒకసారి మా ఆయన ఎవరూ చూడకుండా గుక్కెడు తాగితే బొరుగుల గిన్నె విసిరేశావు, మరిచిపోయావా? ఇది కొత్త గ్లాసు. దీని మీద నేనింకా మాట చెప్పలేదు."

ఎక్కడ లేని తెగింపూ వచ్చింది నాకు. ఫిలోమక్క జాడీ దించి బల్ల మీద పెడుతుంది. చచ్చిపోయినా ఆమె ఆమే, మాట తప్పడం ఆమెకి రాదు.

"ఆ మాట నిజమే," అంటుంది చివరికి. "పెంచలమ్మా, ఆగమ్మే. ముందర సలోమి."

పెంచలమ్మ ఆగడం లేదు. గ్లాసు దాని పెదవుల దాకా వచ్చేసింది. నేను బల్ల మీదుగా ఎగిరినట్టే వెళ్లి గ్లాసు పట్టుకుని లాగుతాను, అది వదలదు, ఆ ఎండిన వేళ్లలో అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో. అప్పుడు మొదటిసారి నన్ను చూస్తుంది. "ఒక్క చుక్క వదినా," అంటుంది, "ఒక్క చుక్కే, నాలిక తడుపుకుంటా," అని ఏడుస్తుంది, కళ్లలో నీళ్లు కూడా రావడం లేదు దానికి, అవి కూడా ఎండిపోయాయి. నా గుండె పగిలిపోతోంది. ఒక్కో వేలూ విడదీసి, విరిగితే విరిగాయనుకుని, గ్లాసు లాక్కుంటాను.

లాక్కున్నాక గాని తెలియదు నేనేం చేశానో. గ్లాసు ఇప్పుడు నా చేతిలో ఉంది. అందులో ఒక్క చుక్క కూడా తొణకలేదు.

"ఊఁ," అంటుంది ఫిలోమక్క, ఎదురుచూస్తూ.

పారబోద్దామని కిందికి చూస్తాను, కింద ఎర్ర గచ్చు లేదు, ఏమీ లేదు, పారబోయడానికి నేలంటూ ఉండాలి గదా. బల్ల మీద పెట్టేద్దామంటే పెంచలమ్మ చేతులు బల్ల మీద చాపుకుని ఉన్నాయి, పెడితే అందుకుంటుంది. పెంచలమ్మ బదులు నేను తాగితే ఇది ఇక్కడితో ఆగుతుంది. తాగకపోతే దాని వంతు. ఇంత చిన్న లెక్క నాకెందుకు ముందే తట్టలేదో, తీర్పరి ముందు తాగాలని నా నోటితో నేనే అరిచానే! మా ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానా? మా ఆయన బీపీ మాత్ర వేసుకున్నాడా? ఒక్కసారి ఇంటికి వెళ్లి చూసుకుని వస్తానని అడుగుదామని తలెత్తితే ఫిలోమక్క నా కోసం ఇంకో కుర్చీ లాగి తన పక్కన వేసుకుంటోంది, ప్రేమగా, కుర్చీ మీద దుమ్ము చీర ముక్కతో తుడుస్తూ.

"వాసన చెప్పు," అంటుంది. "దేంతో చేశానో చెప్పు చూద్దాం. ముక్కున్నదానివి గదా."

గ్లాసు మొహం దగ్గరికి తెచ్చుకుంటాను. ద్రాక్ష కాదు, నేరేడు కాదు, ఏ పండూ కాదు. అల్లం కాదు, తేనె కాదు. ఇన్నేళ్లలో నాకు తెలియని వాసన లేదు, ఇది తెలియడం లేదు, ఇంకాస్త దగ్గరికి, ఇంకాస్త, అంచు పెదవికి తగిలింది, చల్లగా, జపమాల చుట్టిన వేళ్లంత చల్లగా తగిలింది, అప్పుడు తెలిసింది, అది తడి దూది వాసన.

మెలకువ వచ్చింది. నేను మా ఇంట్లో పడక కుర్చీలో ఉన్నాను. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాల్చుదామని కూర్చున్నదాన్ని సందెవేళ దాకా నిద్రపోయాను, కరెంటు లేదు, ఫ్యాను ఆగిపోయి ఉంది, మా ఆయన పెరట్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. కిటికీలో ఫోను మోగుతోంది. ప్రసూన పేరు కనిపించింది. ఎత్తడానికి చెయ్యి రాలేదు, ఎత్తకుండా ఉండడానికీ ధైర్యం లేదు.

"అత్తా," అంది ప్రసూన, ఏడుపు గొంతుతో. "అత్తా, అమ్మ కళ్లు తెరిచింది."

"స్తోత్రం ప్రభువా," అన్నాను. నేనూ ఏడ్చేశాను, ఆ పిల్లా నేనూ ఫోనులో ఏడ్చుకుంటూ కాసేపు అలాగే ఉండిపోయాం. గండం గడిచినట్టేనని డాక్టరు అన్నాడట. రేపటి నుంచి కొంచెం కొంచెంగా నీళ్లు పట్టొచ్చునట.

"మాట్లాడింది గూడానత్తా. నీళ్లడుగుతాదేమో అనుకున్నాం. నీ గురించడిగింది. నీ మీద కోపంగా ఉండాది."

"నా మీదా? ఎందుకే?"

"ఏందో గ్లాసంట. నోటి దాకా వచ్చినదాన్ని లాక్కున్నావంట, వేళ్లు విరిచేశావంట. 'సలోమొదిన దాన్ని తాగిందా, పారబోసిందా, ఫోను చేసి కనుక్కో' అని ఒకటే పోరు. మత్తుమందు దిగక అట్టా మాట్లాడతా ఉండాది, అంతేనంటావా?"

"అంతేనమ్మా," అన్నాను. "మత్తుమందు."

"ఏం చెప్పమంటావు మరి? చెప్పందే కళ్లు మూసుకోనంటా ఉండాది."

"పారబోశానని చెప్పు."

ఫోను పెట్టేశాక తెలిసింది, నా పై పెదవి మీద తడిగా ఉంది. నాలుకతో తుడుచుకోబోయి ఆగిపోయాను. కరెంటు పోయి ఎంతసేపయిందో, ఒళ్లంతా చెమటలు పట్టి ఉన్నాను, అదీ చెమటే అయి ఉంటుంది. చీర చెంగుతో తుడిచేసుకున్నాను. ఆ చెంగు ముక్కు దగ్గరికి తెచ్చుకునే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది.